ఆధారం నిజమైనా నిర్ణయం తప్పు కావచ్చు: తర్కం, తర్కదోషాలపై ఒక వివరణ

ఏదైనా వివాదం వార్తల్లో నలుగుతున్నప్పుడు రెండు పక్షాలూ పరస్పరం చేసుకునే ఆరోపణల్లో "మీ మాటలో తర్కం లేదు" అన్నది తప్పకుండా ఉంటుంది. ఈ మధ్య తర్కదోషాల పేర్లు కూడా చర్చల్లో విరివిగా వాడుకలోకి వచ్చాయి. ఎదుటివారి మాటకు ఒక దోషం పేరు తగిలిస్తే చర్చ అక్కడితో ముగిసినట్టేనని చాలామంది భావిస్తున్నారు. అయితే ఒక వాదంలో దోషం ఉందన్నప్పుడు అది సరిగ్గా ఎక్కడ ఉన్నట్టు? చూపిన ఆధారం అబద్ధమనా, ఆధారం నిజమే గాని దాని నుంచి ఆ నిర్ణయం రాదనా, లేక చెప్పిన మనిషి నమ్మదగినవాడు కాడనా? ఇవి మూడు వేర్వేరు ఆక్షేపణలు. మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే గందరగోళంలో ఎక్కువ భాగం పుడుతుంది. తర్కశాస్త్రం ప్రధానంగా పట్టించుకునేది రెండోదాన్ని, అంటే ఆధారానికీ నిర్ణయానికీ మధ్య ఉన్న లంకెను. ఆ లంకె ఎలా పనిచేస్తుందో తెలియకుండా దోషాల పేర్లు ఎన్ని కంఠస్థం చేసినా ఉపయోగం తక్కువే.

## వాదంలో ఉండే భాగాలు, వేయవలసిన రెండు ప్రశ్నలు

ఒక మాటను ఒప్పించడానికి ఆధారం చూపితే అది వాదం అవుతుంది. ఆధారంగా చూపే వాక్యాలను ఆధారవాక్యాలనీ, వాటి నుంచి రాబట్టిన మాటను నిర్ణయమనీ అందాం. ఆధారం చూపకుండా ఎంత గట్టిగా చెప్పినా అది అభిప్రాయమే గాని వాదం కాదు. "నాకు ఈ చట్టం నచ్చలేదు" అన్న మాటలో తర్కదోషాన్ని వెతకడం అనవసరం. "ఈ చట్టం వచ్చిన ఏడాదే నేరాలు పెరిగాయి, కాబట్టి నేరాలు పెరగడానికి ఈ చట్టమే కారణం" అన్నప్పుడు మాత్రం పరీక్షించడానికి ఒక వాదం చేతికి వస్తుంది.

దాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. ఆధారవాక్యాలు నిజమేనా అన్నది మొదటిది. దీనికి జవాబు లెక్కలు చూసి, సాక్ష్యాలు సేకరించి తెలుసుకోవలసిందే. ఆధారవాక్యాలు నిజమే అనుకున్నా నిర్ణయం అబద్ధమయ్యే అవకాశం ఉందా అన్నది రెండోది. దీనికి కూర్చున్నచోటే ఆలోచించి జవాబు చెప్పవచ్చు.

ఈ రెండు ప్రశ్నలూ ఒకదానిపై ఒకటి ఆధారపడవని చూపడానికి మూడు చిన్న వాదాలు సరిపోతాయి. "పక్షులన్నీ ఎగురుతాయి, నిప్పుకోడి పక్షి, కాబట్టి నిప్పుకోడి ఎగురుతుంది" అన్న వాదంలో లంకె గట్టిదే, మొదటి ఆధారవాక్యం మాత్రం అబద్ధం. "చేపలు నీటిలో బతికే ప్రాణులు, తిమింగలం నీటిలో బతికే ప్రాణి, కాబట్టి తిమింగలం చేప" అన్నదానిలో ఆధారాలు రెండూ నిజమే, లంకె మాత్రం తెగిపోయింది. నీటిలో బతికే ప్రాణుల్లో చేపలు కానివి కూడా ఉంటాయి కదా. ఇక ఇదే వాదంలో తిమింగలం స్థానంలో సొరచేపను పెడితే ఆధారాలూ నిజం, నిర్ణయమూ నిజం, అయినా వాదం చెల్లదు. నిర్ణయం నిజమైంది ఆ ఆధారాల బలంతో కాదు, వేరే కారణాల వల్ల. మనకు నచ్చిన నిర్ణయానికి చేరిన వాదంలోని దోషాన్ని మనం పట్టుకోలేకపోవడానికి ఈ మూడో రకం ముఖ్య కారణం. నిర్ణయం సరైనదని ముందే నమ్ముతాం కాబట్టి అక్కడికి చేరిన దారిని పరిశీలించం.

## పొగను చూసి నిప్పును తెలుసుకోవడం

ఈ లంకె గురించి భారతీయ తార్కికులు చాలా సూక్ష్మంగా ఆలోచించారు. న్యాయం అనే ప్రాచీన భారతీయ తర్కశాఖకు మూలగ్రంథమైన, గౌతముడి పేరిట ఉన్న న్యాయసూత్రాలు అనుమాన ప్రమాణాన్ని ఇతరులకు వివరించేటప్పుడు ఐదు అవయవాలు ఉండాలని చెబుతాయి. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని నిర్ణయించడం. ప్రసిద్ధమైన ఉదాహరణలో ఆ ఐదూ ఇలా ఉంటాయి. కొండ మీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ. అక్కడ పొగ ఉంది కాబట్టి అన్నది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో ఉన్నట్టు అన్నది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నది కూడా అలాంటి పొగే అన్నది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది అన్నది నిగమనం.

అరిస్టాటిల్ రూపొందించిన అనుమాన పద్ధతిలో మూడే వాక్యాలు సరిపోతాయి, ఉదాహరణ అవసరం లేదు. న్యాయ పద్ధతిలో ఉదాహరణ ఎందుకన్న ప్రశ్నకు పండితులు రకరకాలుగా జవాబు చెప్పారు. నా దృష్టిలో దాని విలువ చాలా ఎక్కువ. "పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది" అన్న సాధారణ నియమాన్ని గాలిలో నిలబెట్టకుండా, ఇరుపక్షాలూ ఒప్పుకునే ఒక్క సందర్భంలోనైనా దాన్ని చూపమని ఆ పద్ధతి అడుగుతుంది. ఆ నియమానికే వ్యాప్తి అని పేరు. వాదం నిలబడేది వ్యాప్తి మీదే.

వ్యాప్తికి ఒక దిశ ఉంటుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండనక్కర లేదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. "అక్కడ నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అనేవారికి తార్కికులు ఈ ఇనుప గుండునే ఎదురు ఉదాహరణగా చూపారు. హేతువులా కనిపిస్తూ హేతువు కాని ఇలాంటి వాటికి హేత్వాభాసాలు అని పేరు.

## "అయితే" అనే మాట, నాలుగు కార్డులు

దిశ తారుమారు కావడం అన్న ఈ దోషమే నిత్యం వినే "ఇది అయితే అది" రూపపు వాదాల్లోనూ కనిపిస్తుంది. "వాన కురిస్తే నేల తడుస్తుంది" అన్న నియమాన్ని తీసుకుందాం. వాన కురిసిందని తెలిస్తే నేల తడిసిందని చెప్పవచ్చు. నేల తడవలేదని తెలిస్తే వాన కురవలేదని చెప్పవచ్చు. ఈ రెండూ చెల్లే వాదాలు. నేల తడిసింది కాబట్టి వాన కురిసిందనడం చెల్లదు, ఎవరో నీళ్లు చల్లి ఉండవచ్చు. వాన కురవలేదు కాబట్టి నేల తడవలేదనడం కూడా అదే కారణం వల్ల చెల్లదు.

ఇంత తేలికైన విషయంలో ఎవరు పొరబడతారని అనిపించవచ్చు. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్ 1966లో వెల్లడించిన పరీక్ష ఆ భ్రమను తొలగిస్తుంది. దాన్ని మన అక్షరాలకు మార్చి చెప్పుకుంటే, బల్ల మీద నాలుగు కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డుకూ ఒక వైపు అక్షరం, మరో వైపు అంకె ఉంటాయి. పైకి కనిపిస్తున్నవి అ, క, 4, 7. "ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరిసంఖ్య ఉంటుంది" అన్న నియమం నిజమో కాదో తేల్చడానికి ఏయే కార్డులను తిప్పి చూడాలి?

ఎక్కువమంది అ కార్డును గాని, అ, 4 కార్డులను గాని ఎంచుకుంటారు. సరైన జవాబు అ, 7. కార్డు 4 వెనుక హల్లు ఉన్నా నియమానికి భంగం లేదు, ఎందుకంటే హల్లు వెనుక సరిసంఖ్య ఉండకూడదని నియమం చెప్పలేదు. కార్డు 7 వెనుక అచ్చు ఉంటే మాత్రం నియమం అక్కడికక్కడే కూలిపోతుంది. మనం సహజంగా నియమాన్ని బలపరిచే సాక్ష్యాన్ని వెతుకుతాం, దాన్ని కూల్చగల సాక్ష్యం వైపు చూడం. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఇదే నిర్మాణాన్ని "మద్యం తాగే వ్యక్తికి నిర్ణీత వయసు నిండి ఉండాలి" అన్న నియమంగా మార్చి, నలుగురిలో ఎవరిని తనిఖీ చేయాలని అడిగితే చాలామంది సరిగ్గా చెప్పగలిగారు. మద్యం తాగుతున్నవారి వయసునూ, వయసు తక్కువ ఉన్నవారి చేతిలోని పానీయాన్నీ చూడాలని వెంటనే తడుతుంది. అంటే తర్కసామర్థ్యం మనలో లేకపోలేదు, విషయం మారినప్పుడు అది వెంటనే అందుబాటులోకి రాకపోవచ్చు. ఈ తేడాకు కారణమేమిటన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. నియమోల్లంఘనను పసిగట్టే ప్రత్యేక సామర్థ్యం మనిషికి ఉందని కొందరంటే, పరిచయమైన సందర్భం కావడమే కారణమని మరికొందరు అంటారు.

## కొన్నింటిని చూసి అన్నింటి గురించి చెప్పడం

ఇంతవరకు చూసినవి నిగమన తర్కానికి చెందినవి. అక్కడ ఆధారాలు నిజమై, లంకె సరైనదైతే నిర్ణయం తప్పు కావడానికి వీలే లేదు. నిత్య జీవితంలోనూ విజ్ఞానశాస్త్రంలోనూ మనం ఎక్కువగా ఆధారపడేది ఆగమన తర్కం మీద, అంటే చూసిన కొన్ని సందర్భాలను బట్టి చూడని సందర్భాల గురించి చెప్పడం మీద. ఇక్కడ నిర్ణయానికి హామీ ఉండదు, ఎక్కువ తక్కువ బలం మాత్రమే ఉంటుంది. ఐరోపా వాసులు శతాబ్దాల పాటు చూసిన హంసలన్నీ తెల్లవే. 1697లో డచ్ నావికులు పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో నల్ల హంసలను చూశారు. అంతకు ముందు చూసిన వేలాది తెల్ల హంసలు అబద్ధం కాలేదు, వాటి నుంచి తీసిన నిర్ణయం మాత్రం అబద్ధమైంది.

మరి ఎన్ని సందర్భాలు చూస్తే వ్యాప్తి రుజువైనట్టు? ఎన్ని చూసినా చాలదని, ప్రత్యక్షాన్నే ప్రమాణంగా నమ్మే చార్వాకులు వాదించారు. జరగబోయేది జరిగిపోయినదాన్ని పోలి ఉంటుందనడానికి తర్కబద్ధమైన ఆధారం లేదని 18వ శతాబ్దంలో స్కాట్లండ్ తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ దాదాపు ఇదే ప్రశ్న వేశాడు. హ్యూమ్‌కు ఎంతో ముందే న్యాయ సంప్రదాయంలో ఉదయనుడు చార్వాకులకు ఇచ్చిన జవాబు నాకు ఎంతో నచ్చినది. సందేహానికి ఒక హద్దు ఉంది, మన ఆచరణతోనే విరోధించేంత వరకే సందేహం నిలుస్తుంది అన్నాడాయన. పొగ కావాలనుకున్నవాడు నిప్పు రాజేస్తూనే, పొగకూ నిప్పుకూ సంబంధం ఉందా అని సందేహించలేడు. హ్యూమ్ ప్రశ్నను ఈ జవాబు పూర్తిగా తీర్చదని అనేవారు ఉన్నారు, వారి ఆక్షేపణలో బలం ఉంది. ఆచరణకు అవసరమైనంత మాత్రాన అది నిజమని రుజువు కాదు కదా. అయితే సందేహించడానికి కూడా కారణం చూపాలన్న నియమాన్ని అది చర్చలోకి తెచ్చింది.

ఆచరణలో ఎక్కువ హాని చేసేది ఈ లోతైన సమస్య కాదు, చూసిన సందర్భాలు ఒకవైపుకే ఒరిగి ఉండటం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని బట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ ఘన విజయం సాధించాడు. చిరునామాలను టెలిఫోన్ జాబితాలు, కార్ల యజమానుల జాబితాల వంటి చోట్ల నుంచి తీసుకున్నారు. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లో ఫోను, కారు ఉన్నవారు మొత్తం ఓటర్లకు ప్రతినిధులు కారు. పైగా జవాబు పంపడానికి ఉత్సాహపడినవారి అభిప్రాయాలు పంపనివారికంటే భిన్నంగా ఉన్నాయి. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఆ ఒరుగు తొలగిపోదు.

## తడి కట్టెల పాఠం: వెనుక దాగిన మూడో కారణం

మళ్లీ పొగ దగ్గరికి వద్దాం. నిప్పు ఉన్నా కొన్నిచోట్ల పొగ ఉండి, మరికొన్నిచోట్ల లేకపోవడానికి కారణమేమిటి? కట్టెల తడి. నిప్పు, తడి కట్టెలు కలిసినప్పుడే పొగ వస్తుంది. ఇలా హేతువు చాటున ఉండి అసలు పని చేసే షరతును తార్కికులు ఉపాధి అన్నారు. ఒకదానితో ఒకటి కలిసి కనిపించే రెండు విషయాల మధ్య కార్యకారణ సంబంధం ఉందని ఎవరైనా అన్నప్పుడు "ఇందులో ఉపాధి ఏమిటి?" అని అడగడం తర్కశాస్త్రం నేర్పే ప్రశ్నల్లో బహుశా అన్నిటికంటే పదునైనది. వయసుతో పాటు పిల్లల పాదాల పొడవూ పెరుగుతుంది, చదివే నైపుణ్యమూ పెరుగుతుంది. పాదం పెద్దదైన పిల్లలు బాగా చదువుతారన్న లెక్క నిజమే అవుతుంది, పాదం చదువుకు కారణమన్న నిర్ణయం మాత్రం నిలవదు.

"అది జరిగాక ఇది జరిగింది, కాబట్టి దానివల్లే ఇది జరిగింది" అన్నది ఈ దోషానికి అతి సామాన్యమైన రూపం. మొదట్లో చెప్పిన చట్టం, నేరాల వాదం ఇదే. దీన్ని దాటి అసలు కారణాన్ని పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో 1840లలో వియన్నా జనరల్ ఆసుపత్రిలో వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చేసిన పరిశోధన చూపిస్తుంది. అక్కడి ప్రసూతి విభాగాలు రెండింటిలో మొదటిదానిలో బాలింత జ్వరంతో చనిపోయేవారు సగటున 10 శాతం దాకా ఉంటే, రెండోదానిలో సుమారు 4 శాతం ఉండేవారు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు.

కిక్కిరిసి ఉండటమే కారణమైతే ఎక్కువ కిక్కిరిసిన విభాగంలో మరణాలు ఎక్కువ ఉండాలి. నిజానికి రెండో విభాగమే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. ఆ వివరణ కొట్టివేయబడింది. ప్రసవ సమయంలో పడుకునే తీరు కారణమైతే దాన్ని మార్చినప్పుడు మరణాలు తగ్గాలి. మార్చారు, తగ్గలేదు. మరణించేవారి దగ్గరికి గంట మోగించుకుంటూ వెళ్ళే మతాచార్యుడి వల్ల కలిగే భయం కారణమా అని ఆయన దారిని కూడా మార్చి చూశారు, ఫలితం లేదు. ఈ మూడింటిలోనూ పనిచేసినది "నేల తడవలేదు కాబట్టి వాన కురవలేదు" అన్న చెల్లే రూపమే. 1847లో సెమ్మెల్‌వైస్ సహచరుడు యాకోబ్ కొలెచ్కా శవపరీక్షలో కత్తి గాయమై, బాలింత జ్వరాన్ని పోలిన లక్షణాలతో మరణించాడు. శవపరీక్ష గది నుంచి నేరుగా ప్రసూతి విభాగానికి వస్తున్న వైద్యుల, విద్యార్థుల చేతుల మీది శవపదార్థమే కారణమని సెమ్మెల్‌వైస్ ఊహించి, క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి పడిపోయాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. "శవపదార్థం కారణమైతే చేతులు కడిగితే మరణాలు తగ్గుతాయి, తగ్గాయి, కాబట్టి శవపదార్థమే కారణం" అన్నది నిర్మాణపరంగా చెల్లని రూపం. నేల తడిసింది కాబట్టి వాన కురిసిందన్న దానికీ దీనికీ తేడా లేదు. విజ్ఞానశాస్త్రం నిత్యం ఈ రూపాన్ని వాడుతుంది, దానికి బలం వచ్చేది పోటీ వివరణలను ఒక్కొక్కటిగా తొలగించడం వల్ల. ఆ బలానికీ పరిమితి ఉంటుందని కొద్ది నెలల్లోనే తేలింది. గర్భాశయ క్యాన్సర్‌తో బాధపడుతున్న ఒక స్త్రీని ముందుగా పరీక్షించిన వైద్యులు, మధ్యలో చేతులను మామూలుగా మాత్రమే కడుక్కుని, పక్కనున్న 12 మందిని పరీక్షించగా వారిలో 11 మంది మరణించారు. శవంతో సంబంధం లేకుండా, బతికి ఉన్న శరీరంలోని కుళ్ళిన పదార్థం వల్ల కూడా జ్వరం వస్తుందని సెమ్మెల్‌వైస్ తన వివరణను విస్తరించుకోవలసి వచ్చింది. చేతులు కడగాలన్న సలహా సరైనదే, దానికి చెప్పిన కారణం మొదట్లో అసంపూర్ణం.

## సంభావ్యతలో పొరపాటు: ఒక వ్యాధి పరీక్ష లెక్క

కొన్ని దోషాలు మాటల్లో కనబడవు, అంకెలు వేస్తేనే బయటపడతాయి. ఒక వ్యాధి 100 మందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. దాన్ని కనిపెట్టే పరీక్ష, వ్యాధి ఉన్న 100 మందిలో 90 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. వ్యాధి లేని 100 మందిలో 9 మందికి పొరపాటున ఉన్నట్టు చూపుతుంది. మీకు పరీక్షలో వ్యాధి ఉన్నట్టు వచ్చింది. నిజంగా ఉండే అవకాశం ఎంత? చాలామంది 90 శాతం అంటారు.

పదివేల మందిని ఊహించండి. వారిలో 100 మందికి వ్యాధి ఉంది, 90 మంది పట్టుబడతారు. మిగిలిన 9,900 మందికి వ్యాధి లేదు, వారిలో 9 శాతం అంటే 891 మందికి తప్పుగా ఉన్నట్టు వస్తుంది. ఉన్నట్టు తేలినవారు మొత్తం 981 మంది, నిజంగా వ్యాధి ఉన్నవారు 90 మంది. అంటే అవకాశం సుమారు 9 శాతమే. మొదటి పరీక్షతో సంబంధం లేకుండా తప్పులు చేసే రెండో పరీక్షను, ఇదే నాణ్యతతో, ఈ 981 మందికి చేస్తే ఉన్నట్టు తేలేవారిలో వ్యాధి ఉన్నవారు 81 మంది, లేనివారు సుమారు 80 మంది. అప్పటికి గాని అవకాశం సగానికి చేరదు.

ఇక్కడ జరిగిన పొరపాటు కూడా దిశ తారుమారు కావడమే. వ్యాధి ఉన్నవారిలో పరీక్ష ఎంతమందిని పట్టుకుంటుందన్న అంకెను, పట్టుబడినవారిలో వ్యాధి ఎంతమందికి ఉందన్న ప్రశ్నకు జవాబుగా వాడేస్తున్నాం. ఇనుప గుండు నుంచి ఇక్కడిదాకా దోషం ఒకటే, వేషం మారింది.

## మనిషిని బట్టి, గొప్పవారిని బట్టి, జనాన్ని బట్టి

వాదాన్ని వదిలి వాదించినవారి మీదికి మళ్ళడం చర్చల్లో అతి తరచుగా కనిపించే దోషం. వైద్యుడు స్వయంగా పొగ తాగుతాడు కాబట్టి పొగ హానికరమని ఆయన చెప్పిన మాట అబద్ధం కాదు. అయితే మనిషి గురించి ప్రస్తావించిన ప్రతిసారీ దోషం జరిగినట్టేనా? కాదు. ఒకరి సాక్ష్యం మీదే నిర్ణయం ఆధారపడినప్పుడు ఆ సాక్షి నిజాయితీని, ఆయనకున్న స్వప్రయోజనాన్ని ప్రశ్నించడం న్యాయమే. ఒక మందు పనిచేస్తుందని చెబుతున్నది దాన్ని తయారుచేసిన సంస్థే అని గుర్తుచేస్తే, ఫలితాలను మరింత జాగ్రత్తగా చూడటానికి అది మంచి కారణం. ఆ ఫలితాలు అబద్ధమని రుజువు చేయడానికి మాత్రం అది చాలదు.

గొప్పవారి మాటను ఆధారంగా చూపడం విషయంలోనూ ఇదే తేడా వర్తిస్తుంది. న్యాయ దర్శనం ప్రత్యక్ష, అనుమాన, ఉపమానాలతో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించింది. అయితే ఆ శబ్దం ఆప్తుడిది కావాలి, అంటే విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడిది. భౌతికశాస్త్రంలో మేధావి అయినంత మాత్రాన ఆర్థిక విధానం గురించి ఆప్తుడు కాడు. ఆ రంగంలోని నిపుణులే రెండుగా చీలి ఉన్నప్పుడు ఒక్కరి పేరు చెప్పి సరిపెట్టడమూ కుదరదు. మరోవైపు, నిపుణుల మాట నమ్మడమే దోషమని కొట్టిపారేసేవారు తమకు తెలిసినవాటిలో ఎన్నింటిని స్వయంగా పరీక్షించారో ఆలోచించుకోవాలి. ఎక్కువమంది నమ్ముతున్నారన్న ఆధారం వీటన్నిటికంటే బలహీనం.

## ప్రశ్న మార్చేసే ఎత్తులు

ఎదుటివారు అనని మాటను వారికి అంటగట్టి దాన్ని ఖండించడం ఒక ఎత్తు. న్యాయసూత్రాలు ఇలాంటి మాట విరుపులకు ఛలం అని పేరు పెట్టాయి. కొత్త కంబళి కప్పుకున్నవాడిని ఉద్దేశించి "ఇతడు నవకంబళుడు" అంటే, నవ అన్నదాన్ని తొమ్మిదిగా తీసుకుని "ఒక్కటే కదా ఉంది, తొమ్మిది ఎక్కడ?" అని ఎదురు చెప్పడం దానికి ఆ సూత్రాల వ్యాఖ్యాత ఇచ్చిన ఉదాహరణ. నేడు "పోలీసు శాఖ ఖర్చు లెక్కలు బయటపెట్టాలి" అన్నవారిని "అయితే పోలీసులే వద్దంటారా?" అని అడగడం ఇదే కోవలోకి వస్తుంది.

నిరూపించవలసినదాన్నే వేరే మాటల్లో ఆధారంగా చూపే చక్రవాదం, రెండే దారులు ఉన్నట్టు చూపి మిగతావాటిని కప్పేయడం కూడా నిత్యం ఎదురవుతాయి. వీటిని గుర్తించడం తేలికే కాబట్టి ఎక్కువ చెప్పను.

ఒక అడుగు వేస్తే చివరికి అగాధంలో పడతామన్న వాదం దగ్గర మాత్రం కొంత ఆగాలి. దీన్ని పుస్తకాలు దోషాల జాబితాలో చేర్చినా, కొన్నిసార్లు అది న్యాయమైన హెచ్చరికే. తేడా మధ్యలోని అడుగుల బలంలో ఉంటుంది. నాలుగు అడుగులు ఉన్నాయనీ, ముందుది జరిగితే తరువాతిది జరగడానికి ప్రతిసారీ 80 శాతం అవకాశం ఉందనీ అనుకుందాం. నాలుగూ జరిగే అవకాశం 41 శాతమే. విడివిడిగా ప్రతి అడుగూ దాదాపు ఖాయమని అనిపించినా, మొత్తం గొలుసు సగం కూడా నమ్మదగినది కాదు. అయినా 41 శాతం ప్రమాదం పట్టించుకోదగినదే. కాబట్టి ఆ వాదం చేసేవారు అడుగులను ఒక్కొక్కటిగా చూపించాలి, ఖండించేవారు ఏ అడుగు బలహీనమో చెప్పాలి.

## దోషాల జాబితాలు ఎంతవరకు పనికొస్తాయి?

అరిస్టాటిల్ 13 దోషాలను వర్గీకరించాడు. న్యాయసూత్రాలు ఐదు హేత్వాభాసాలను, ఇరవై నాలుగు జాతులను (అంటే పస లేని ఎదురు జవాబులను), ఇరవై రెండు నిగ్రహస్థానాలను (అంటే చర్చలో ఓడినట్టు లెక్కించే సందర్భాలను) లెక్కించాయి. ఆధునిక జాబితాలు వందకు పైగా పేర్లతో నిండిపోయాయి. ఆస్ట్రేలియా తాత్వికుడు చార్లెస్ హాంబ్లిన్ 1970లో ఈ జాబితాల మీద గట్టి విమర్శ చేశాడు. ఒకరి పుస్తకం నుంచి మరొకరు అవే పేర్లు, అవే ఉదాహరణలు ఎత్తి రాస్తున్నారనీ, దోషం అంటే ఏమిటో చెప్పే సిద్ధాంతమే కరవైందనీ ఆయన ఆక్షేపణ. ఆ తరువాత నెదర్లాండ్స్‌లో ఫ్రాన్స్ వాన్ ఈమెరెన్, రాబ్ గ్రోటెన్‌డార్స్ట్ దోషాన్ని వాక్యాల మధ్య లంకెలో కాకుండా, అభిప్రాయభేదాన్ని తీర్చుకోవడానికి జరిగే చర్చ నియమాలను ఉల్లంఘించడంలో చూశారు. ఆ దృష్టిలో, నిరూపించవలసిన భారాన్ని ఎదుటివారి మీదికి నెట్టడం కూడా దోషమే, అందులో ఏ ఒక్క వాక్యం లంకె తెగకపోయినా.

జాబితాలను సమర్థించేవారి మాటలోనూ న్యాయం ఉంది. పేరు తెలియనిదాన్ని గుర్తుపట్టడం కష్టం, విద్యార్థికి మొదట పేర్లు నేర్పడం తప్పు కాదు. నాకు హాంబ్లిన్ వైపే మొగ్గు ఎక్కువ, ఎందుకంటే పైన చూసినట్టు ప్రతి దోషానికీ దాన్నే పోలిన న్యాయమైన వాదం ఒకటి పక్కనే ఉంటుంది, పేరు ఒక్కటే ఆ తేడాను చెప్పలేదు. పైగా ఒక వాదంలో దోషం ఉన్నంత మాత్రాన దాని నిర్ణయం అబద్ధం కాదు, సొరచేప చేపే కదా.

సందర్భాన్ని బట్టి చర్చను వేరుచేయడం న్యాయ సంప్రదాయంలో ముందే ఉంది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షం ఏమిటో చెప్పకుండా ఎదుటి పక్షాన్ని పడగొట్టడానికే చేసేది వితండ. ఆశ్చర్యం ఏమిటంటే ఆ సూత్రాలు చివరి రెండింటినీ పూర్తిగా నిషేధించలేదు. మొలకలను కాపాడటానికి ముళ్ల కంచె వేసినట్టు, నిజాన్ని కాపాడుకోవడానికి వాటిని వాడవచ్చని అన్నాయి. ఈ అనుమతి ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే గెలుపు కోసం వాదించే ప్రతివారూ తాము నిజాన్నే కాపాడుతున్నామని నమ్ముతారు. కపటవాదులతో తలపడవలసిన సభల్లో అది తప్పనిసరి అయిందని దాన్ని సమర్థించేవారి జవాబు.

## ఒక చర్చను విప్పి చూద్దాం

పాఠశాలల్లో విద్యార్థుల ఫోన్లను నిషేధించాలా అన్న చర్చలో ఇద్దరు ఇలా మాట్లాడుకున్నారనుకుందాం.

మొదటివారు: "ఫోన్లు వచ్చాకే పిల్లల ఏకాగ్రత తగ్గింది. నిషేధించిన ఒక పాఠశాలలో మార్కులు పెరిగాయి. నిషేధం వద్దనేవారికి పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు."

రెండోవారు: "మీ పిల్లల చేతిలోనూ ఫోన్ ఉంది కదా. ఫోన్లు నిషేధిస్తే రేపు కంప్యూటర్లు, ఎల్లుండి పుస్తకాలు నిషేధిస్తారు. అత్యవసరంలో పిల్లలు ఇంటికి ఎలా కబురు చేస్తారు?"

మొదటివారి తొలి వాక్యం ముందూ వెనుకల వరుసను కారణంగా మార్చింది. ఆ సంవత్సరాల్లో మారినవి ఇంకా చాలా ఉన్నాయి. రెండో వాక్యం ఒక్క పాఠశాల మీద ఆధారపడింది, అయినా పూర్తిగా పనికిరానిది కాదు. అదే ఏడాది అక్కడ కొత్త ఉపాధ్యాయులు చేరారా, పరీక్ష విధానం మారిందా అన్న ఉపాధులను తొలగించగలిగితే దానికి కొంత బలం వస్తుంది. మూడోది వాదం కాదు, ఎదుటివారి ఉద్దేశంపై ఆరోపణ.

రెండోవారి తొలి మాట మనిషి మీదికి మళ్ళింది. మొదటివారి పిల్లలు ఫోన్ వాడుతున్నంత మాత్రాన నిషేధం మంచిదో కాదో తేలదు. కంప్యూటర్లు, పుస్తకాల గొలుసులో మధ్య అడుగులు ఒక్కటీ చూపలేదు, ఫోన్ నిషేధానికి చెప్పిన కారణం పుస్తకాలకు వర్తించదు కూడా. చివరి ప్రశ్న మాత్రం గట్టిది. అయితే అది నిషేధం మొత్తాన్ని కాదు, ప్రత్యామ్నాయం లేని నిషేధాన్నే ఆక్షేపిస్తుంది. పాఠశాల కార్యాలయంలో అందుబాటులో ఉండే ఫోన్ దానికి జవాబు కాగలదా అన్నది ఇద్దరూ కలిసి చర్చించవలసిన విషయం.

ఆరు వాక్యాల్లో నిలబడినవి రెండు. ఒకటి, నిషేధం వల్ల చదువు మెరుగుపడిందా అన్న ప్రశ్న. దానికి నిషేధించిన పాఠశాలలు చాలింటినీ, నిషేధించని వాటినీ, విద్యార్థుల కుటుంబ స్థితి, ఉపాధ్యాయుల సంఖ్య వంటివి సరిసమానంగా ఉండేలా చూసి పోల్చిన లెక్కలు కావాలి. రెండోది, అత్యవసరంలో కబురు చేసే ఏర్పాటు ఎలా ఉండాలన్నది. దానికి లెక్కలతో పాటు, ఎంత అసౌకర్యాన్ని ఎంత ప్రయోజనం కోసం భరించవచ్చునన్న విలువల నిర్ణయం కూడా కావాలి, ఆ తూకంలో ఇద్దరు నిజాయితీపరులు తర్కంలో ఏ దోషమూ చేయకుండానే భిన్నమైన నిర్ణయాలకు రావచ్చు.